పాత పెట్టెలో పెళ్లి

పెట్టె దొరకడం లేదని కంప్యూటర్ మూడోసారి చెప్పింది.

మహబూబాబాద్‌లోని ఆ ఫోటో స్టూడియోలో గోడ గడియారం రెండుంబావు చూపుతోంది. నీలి ఫోన్ తీసి మెసేజ్ మళ్లీ చదివింది. ఆమె భర్త వాల్యా పనిచేసిన భూపాలపల్లి కంపెనీ నుంచి భావన మేడం పంపింది. పెళ్లి రుజువు నాలుగింటిలోగా ఫోన్‌కు పంపాలి. లేకుంటే చనిపోయిన వాల్యా ఉద్యోగం అతని అన్న మాన్‌సింగ్ కొడుక్కి పోతుంది.

తమ్ముడికి అసలు పెళ్లే కాలేదని మాన్‌సింగ్ కంపెనీకి రాసిచ్చాడు. నీలి ఆధార్‌లో ఇంకా తండ్రి పేరే ఉంది. అత్తగారింటి బీరువాలో ఉండాల్సిన ఆల్బమ్ లేదు. మాజీ సర్పంచ్ అయిన మాన్‌సింగ్ మాటకు ఎదురు చెప్పడానికి తండాలో ఎవరూ రాలేదు.

మిగిలింది, ఆ పెళ్లికి ఫోటోలు తీసిన ఈ స్టూడియో మూలనున్న నల్ల పెట్టె. అందులో రెండు డిస్కులు, వాటిలో ఏళ్ల తరబడి తీసిన పెళ్లిళ్ల ఫోటోలు ఉన్నాయి. పాత కంప్యూటర్ కిందటి వారం కాలిపోయింది. కొత్తదానికి పెట్టె తెరుచుకోవడం లేదు. తెరిపించడానికి కంప్యూటర్లు బాగుచేసే సాయికిరణ్ జనగామ నుంచి రైల్లో వచ్చాడు.

“డిస్కు ఊడదీసి సీదా దీనికే పెడ్తె?” అన్నాడు స్టూడియో యజమాని రాజేందర్.

“పెడ్తె ఫార్మాట్ చెయ్యాల్నా అని అడుగుతది. ఎవలన్న అవునని నొక్కితె అండ్ల ఉన్నదంతా పోతది అన్నా.”

అప్పుడే మాన్‌సింగ్ లోపలికి వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఏమాయె నీలీ? దొరికినయా ఫోటోలు?”

“దొరుకుతయి బావా.”

“కాని పెండ్లికి ఫోటోలెక్కడియి?” అని రాజేందర్ వైపు తిరిగాడు. “ఏం తమ్మి, నన్నెప్పుడన్న చూసినవా నువ్వు? గీ దుకాణంల అడుగువెట్టుడు నాకు గిదే మొదలు. మా ఇంట్ల పెండ్లయితే నేను రాకపోదునా?”

రాజేందర్ తల అడ్డంగా ఊపాడు. అప్పట్లో దుకాణం చూసింది, ఇప్పుడు లేని వాళ్ల బాపు.

సాయికిరణ్ పని ఆపలేదు. ఆ పెట్టె పాత పద్ధతిలోనే మాట్లాడుతుందని, కొత్త కంప్యూటర్‌కు ఆ పద్ధతి తెలిసినా భద్రం కాదని మూసిపెట్టారని రాజేందర్‌కు చెప్పాడు. ముందు ఇంటర్నెట్ తీగ పీకేశాడు. సెట్టింగుల్లోకి వెళ్లి పాత పద్ధతిని తెరిచాడు. కంప్యూటర్ తనను ఆపి మళ్లీ వేయమని అడిగింది. వేస్తే, ముందే దిగి ఉన్న అప్‌డేట్ మొదలైంది. ఆపవద్దని తెర మీద రాసి ఉంది. అది పూర్తయ్యేసరికి మూడూ పది అయింది.

ఈసారి పెట్టె పేరు కనిపించింది. నొక్కితే లోపలికి రానివ్వలేదు.

“పాస్‌వర్డ్ ఏందన్నా?”

“దానికి పాస్‌వర్డే లేదు. బాపు పెట్టలే.”

“గదే పరేషాన్. పాస్‌వర్డ్ లేని పెట్టెను కొత్త కంప్యూటర్ నమ్మది.”

మాన్‌సింగ్ నవ్వాడు. “ఇంటోళ్లే ఒప్పుకోనిదాన్ని మిషన్ ఎట్ల ఒప్పుకుంటది?”

నీలి గడియారం చూసింది.

సాయికిరణ్ ఇంకో సెట్టింగు వెతికి పట్టుకున్నాడు. పేరు, పాస్‌వర్డ్ లేకున్నా రానివ్వమని మార్చాడు. మళ్లీ నొక్కాడు. పెట్టె మీది పచ్చ దీపం గబగబా కొట్టుకుంది. తెర మీద సంవత్సరాల ఫోల్డర్లు వరుసగా వచ్చాయి. మూడున్నర అయింది.

పెళ్లి జరిగిన 2015 ఫోల్డర్ తెరిచి నీలి పేరు వెతికాడు. లేదు. వాల్యా పేరు వెతికాడు. అదీ లేదు.

“చెప్తె విన్నవా?” అని మాన్‌సింగ్ లేచాడు. “పాపం, పొద్దటిసంది కష్టపడ్డరు. అందరికి చాయ్ చెప్తా” అంటూ బయటికి వెళ్లాడు.

రాజేందర్ తెర మీదికి వంగాడు. “జర ఆగు. మా బాపు పెండ్లోళ్ల పేర్లు పెట్టకపోతుండె. ఆర్డర్ ఎవలిస్తే వాళ్ల పేరు పెడ్తుండె. ఆల్బమ్‌కు వచ్చేది వాళ్లే గద అంటుండె. ఆర్డర్ ఎవలిచ్చిండ్రు చెల్లె?”

“నాకెట్ల ఎరుకన్నా? నేను పెండ్లిపిల్లనైతి.”

“తారీకు ఎరుకేనా?” అన్నాడు సాయికిరణ్.

“మే పదిహేను.”

ఫోల్డర్లను తేదీల వారీగా పేర్చాడు. ఆ తేదీ మీద ఒక్కటే ఉంది. పేరు చదివేంత ఓపిక లేక వెంటనే నొక్కాడు. నాలుగు వందల పదిహేడు ఫోటోలు. మొదటి దాంట్లో వాల్యా మెడలో దండ, పక్కన నీలి.

నీలి కుర్చీలోంచి లేచి నిలబడింది.

మాన్‌సింగ్ చాయ్ గ్లాసులతో వచ్చాడు. తెర చూశాడు. గ్లాసులు బల్ల మీద పెట్టాడు.

“గిదంతా మిక్సింగ్. గిప్పుడు ఏఐతోని ఎవల మొకం ఎవల పక్కకన్న పెడ్తరు. కంపెనీల నేను గదే చెప్తా.”

రాజేందర్ ఫోటో మూసి తెర మీద ఒక మెట్టు వెనక్కి, ఫోల్డర్ల వరుసకు వెళ్లాడు. ఫోల్డర్, దాని పక్కన పదేళ్ల కిందటి తేదీ, దాని మీద బాపు టైపు చేసిన పేరు కనిపించాయి. నీలి ముందుగా తెరను ఫోన్‌తో ఫోటో తీసింది. పెళ్లి ఫోటోలు నాలుగు తెరిపించి అవీ అలాగే తీసి, అన్నీ కలిపి భావన మేడంకు పంపింది. నాలుగింటికి ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి. చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకుని, అందరికీ వినపడేలా ఆ పేరు చదివింది.

“ఆర్డర్: సర్పంచ్ మాన్‌సింగ్. తమ్ముని పెండ్లి.”