నాలుగో ఎత్తు

వెయిస్టుకోటు వెండి బొత్తాం తెగి, వెళ్లి కాఫీ కెటిల్‌కు తగిలింది.

"దాని తప్పేం లేదు," అంది భార్య తూరిడ్, బొత్తాం ఏరుతూ.

ఓడ్‌వార్ అద్దంలో చూసుకున్నాడు. ఆ వెయిస్టుకోటు తాతది, ఆ తర్వాత తండ్రిది. వాళ్లింట్లో అది వేసుకోకుండా కూతుర్ని చర్చిలోకి నడిపించిన తండ్రి లేడు. మే నెలలో కూతురు సిల్యె పెళ్లి. మధ్యలో నాలుగు వేళ్ల పొట్ట అడ్డం.

గుండెపోటు వచ్చి ఏడాదయింది. అప్పటినుంచి రోజూ నడుస్తూనే ఉన్నాడు, నిద్రపోయే పిల్లల పక్కనుంచి నడిచినట్టు.

"గుండెకు కష్టం కలిగించకూడదు," అనేవాడు.

"పొట్టకు కూడా కలిగించడం లేదుగా," అనేది తూరిడ్.

డాక్టరు ఒంటికి తీగలు తగిలించి సైకిలు తొక్కించాడు. కాగితం చూసి, "మీరు గట్టిగా నడవొచ్చు. నడిస్తేనే ఆ పొట్ట కదిలేది," అన్నాడు. గుండెజబ్బు వాళ్లు కలిసి నడిచే మంగళవారం గుంపుకు పంపాడు.

ట్రాండ్‌హైమ్ ఊరి వెనక కొండ. దారిలో నాలుగు నిటారు ఎత్తులు, మధ్యమధ్య చదును.

"ఎత్తులో నాలుగు నిమిషాలు, పాట పాడలేనంత వేగం," అంది శిక్షకురాలు ఇంగ్‌విల్. "చదునులో మూడు నిమిషాలు నింపాదిగా. నొప్పొచ్చినా, కళ్లు తిరిగినా ఆగి నన్ను పిలవండి."

అందరూ వెళ్లారు. ఓడ్‌వార్ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని మొదటి ఎత్తు కిందే నిలబడిపోయాడు.

"ఏమయ్యా, బస్సు కోసమా?"

ఎర్ర ఊలు టోపీ. డెబ్బై దాటిన ఆవిడ. చేతికి వదులుగా వేలాడుతున్న మగవాళ్ల గడియారం.

"నాకు స్టెంటు వేశారండీ."

"కాళ్లకు కాదుగా! పద. నా వెనకే రా."

ఆ రోజు ఒక్క ఎత్తే ఎక్కాడు. ఆవిడ అతన్ని అక్కడి బండ మీద కూర్చోబెట్టి, తను పైదాకా వెళ్లి వచ్చింది.

మరుసటి మంగళవారం మళ్లీ అక్కడే ఉంది. ఆ పై మంగళవారమూ.

ఎప్పుడూ సరిగ్గా రెండడుగులు ముందు. కళ్లు గడియారం మీద.

"ఏదీ, పాడు!"

"రా... రాదు."

"అయితే వేగం సరిపోయింది."

ఒకసారి అతనే అడిగాడు. "మీకెన్ని... స్టెంట్లండీ?"

"అడగడానికి ఊపిరి మిగిలిందా? అయితే ఇంకాస్త వేగం!"

పేరు అడగాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. కానీ కొండ మీద ఎదురైన మనిషిని ఆరా తీయడం అక్కడి మర్యాద కాదు. కలిసి చెమటోడ్చవచ్చు. అంతే.

మంచు పడింది. బూట్లకు ఇనప మేకులు తొడుక్కుని నడిచారు. జనవరికి మూడో ఎత్తు. మార్చిలో నాలుగోది.

పైన చెక్కపెట్టెలో ఒక పుస్తకం ఉంటుంది. ఎక్కినవాళ్లు పేరు రాస్తారు. ముందు ఆవిడ రాసేది, తర్వాత ఓడ్‌వార్. ఆవిరి పడుతుందని కళ్లద్దాలు కారులోనే వదిలేసేవాడు. అంచనాతో ఆవిడ అక్షరాల కింద తన పేరు గిలికేవాడు.

తూకం రెండు కిలోలే తగ్గింది. బెల్టు మాత్రం మూడు చిల్లులు బిగిసింది.

ఏప్రిల్ చివర్లో ఆవిడ అంది, "ఇవాళ నువ్వు ముందు నడు."

నాలుగు ఎత్తులూ ఎక్కేదాకా అతను వెనక్కి చూడలేదు. చివర్న ఆవిడే రొప్పుతూ వచ్చింది.

"నన్ను చంపేస్తావేంటయ్యా!" అని పడీపడీ నవ్వింది.

పెళ్లికి ముందు మంగళవారం, వెయిస్టుకోటు బొత్తాలన్నీ పట్టాయి. తూరిడ్ ఒక్కోటీ లాగి చూసింది.

"ఆవిడకు చూపించి రావాలి," అన్నాడు ఓడ్‌వార్.

"ఈ వేషంతోనా? కొండకా?"

"ఈ వేషంతోనే."

తూరిడ్ వాఫుల్సు కాల్చి, మధ్యలో చీజు పెట్టి పొట్లం కట్టింది. ఆవిడతో ఫొటో దిగాలంటే ఫోను కనబడాలిగా అని కళ్లద్దాలు కూడా అతని జేబులో పెట్టింది.

మోకాళ్ల దాకా పెళ్లి లాగు, వెండి బొత్తాలు, కింద కొండ బూట్లు. గుంపంతా ఈలలు వేసింది.

"పెళ్లికూతురెవరయ్యా?"

"కొండే!" అన్నాడు ఓడ్‌వార్. చుట్టూ చూశాడు. "ఎర్ర టోపీ ఆవిడ రాలేదా?"

ఇంగ్‌విల్ ఆశ్చర్యంగా చూసింది. "ఇల్లు ఖాళీ చేసి ఉత్తరాదికి, చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారుగా. మీకు చెప్పలేదా? మీ అక్కగారే కదా!"

"అక్కా? ఆవిడ మీ గుంపులో మనిషి కదండీ!"

"నా జాబితాలో ఆవిడ లేరండీ. గుండెజబ్బేం లేదని ఆవిడే చెప్పారు. మీకు తోడొస్తున్నారనుకున్నాను."

ఓడ్‌వార్ వాఫుల్సు పొట్లం చంకన పెట్టుకున్నాడు. తర్వాత నడక మొదలుపెట్టాడు.

దారిలో ఎదురైనవాళ్లు పక్కకు తప్పుకుని చప్పట్లు కొట్టారు. నాలుగు ఎత్తులు. ఒక్క బొత్తామూ తెగలేదు.

పైన పెట్టె తెరిచి, మొదటిసారి అద్దాలు పెట్టుకుని, పుస్తకం తిప్పాడు.

ప్రతి మంగళవారం, తన వంకర పేరుకు పైన, గుండ్రటి అక్షరాల్లో ఒకటే పేరు ఉంది: ఆర్న్‌ఫిన్. అది మగవాళ్ల పేరు. ఆవిడ తన పేరు ఎక్కడా రాసుకోలేదు.

పేజీలు వెనక్కి తిప్పుతూ, తను మొదటి ఎత్తు పైన బండ మీద కూర్చున్న అక్టోబరు మంగళవారం దగ్గర ఆగాడు. అవే గుండ్రటి అక్షరాలు.

"ఆర్న్‌ఫిన్, గుండెకు కష్టం కలగకూడదని నిన్ను తొమ్మిదేళ్లు కుర్చీలోనే కూర్చోబెట్టి పోగొట్టుకున్నాను, ఇవాళ కొండ కింద ఒకాయన అచ్చం నీలాగే ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు, నీ గడియారం నా చేతికే ఉంది, ఆయన్ని ఇక్కడిదాకా తీసుకొస్తాను."