చెల్లెలికి పంపిన అబద్ధం

"మనం రాసుకునేవన్నీ మధ్యలో ఎవడైనా కూర్చుని చదువుతుంటే మన గతేంటే?" అంది తల్లి, ఫోన్‌ను తేలును పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని.

"నీ నడుంనొప్పి చదవడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుంటారా అమ్మా?" కూతురు నవ్వింది.

"నవ్వకు. నడుం పట్టేసిందని నిన్న మీ పిన్నికి రాశాను. తెల్లారేసరికి నడుం బెల్టు కొనమని ప్రకటన! వాడికెవరు చెప్పారు? ఇవాళ నడుం సంగతి తెలిసింది. రేపు బీరువా తాళం ఎక్కడ పెడతామో తెలియదా?"

వాదించి లాభం లేదని కూతురు కొత్త యాప్ కోసం వెతికింది. మొదట దొరికింది తెరవగానే ఫొటోలు చూస్తానంది, ఎక్కడున్నారో చెప్పమంది.

"గుమ్మంలో నిలబడమంటే వంటింట్లోకి దూరే రకం. తీసెయ్," అంది తల్లి.

రెండోది ఫోన్ నంబరు తప్ప ఏమీ అడగలేదు.

"ఇందులో నువ్వు రాసింది నీ ఫోన్‌లో, పిన్ని ఫోన్‌లో తప్ప ఎక్కడా తెరుచుకోదు. తయారుచేసినవాళ్లు కూడా చదవలేరు. డబ్బు అడగరు, ప్రకటనలు వెయ్యరు," అంది కూతురు.

"డబ్బు తీసుకోరు, ప్రకటనలు వెయ్యరు. మరి వాళ్లెలా బతుకుతారే?"

"చందాలతో."

"చందాలతోనా!" తల్లి అనుమానం ఇంకాస్త ముదిరింది.

అయినా చెల్లెలి చేత కూడా అదే పెట్టించింది. కూతురు బట్టలు ఆరేసి వచ్చేలోగా మొదటి మెసేజ్ పంపేసింది. కూతురు అది చదివి అదిరిపడింది.

'మీ బావగారికి చూపు బాగా తగ్గిపోయింది. ఎవరితోనూ అనకు.'

"నాన్న కళ్లకేమైందమ్మా?"

"నిక్షేపంగా ఉన్నాయి. ఇది యాప్‌కు పరీక్ష. కళ్లద్దాలు కొనమని ప్రకటన వచ్చిందా, ఇది దొంగ యాప్. రాలేదా, మంచిది. నిజం రాసి పరీక్షిస్తారటే ఎవరైనా?"

"ఇంకే అబద్ధమూ దొరకలేదా? నాన్న బస్సు డ్రైవరు! ఈ మాట డిపోలో ఎవరి చెవినైనా పడితే ఆయన్ని మళ్లీ స్టీరింగ్ ముట్టుకోనిస్తారా?"

తల్లి ముఖం పాలిపోయింది. చెరిపేద్దామంటే చెల్లెలు అప్పటికే చూసేసింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. పొయ్యి మీద కూర అడుగంటింది. ఉతికిన దుప్పటినే మళ్లీ నానబెట్టింది. ఉద్యోగం ఊడినట్టు, ఇల్లు గడవనట్టు అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

మధ్యాహ్నానికి చెల్లెలి జవాబు వచ్చింది. 'పనిలో ఉన్నానక్కా. నేనెవరితో అంటాను? బావను జాగ్రత్తగా చూసుకో.'

"ఇకనైనా అబద్ధమని చెప్పెయ్," అంది కూతురు.

"ఇప్పుడే చెబితే పరీక్ష పాడవదూ?"

నిమిషానికోసారి ఫోన్ తెరిచి చూసింది. బెల్టు. మళ్లీ బెల్టు. ఒకసారి పరుపు. కళ్లద్దాల ఊసే లేదు. సాయంత్రానికి ఆమె ఊపిరి కాస్త కుదుటపడింది.

అప్పుడే భర్త డ్యూటీ దిగి వచ్చాడు. ఖాకీ చొక్కా విప్పి చిలక్కొయ్యకు తగిలించి, మంచం మీద వాలి, తన ఫోన్ భార్యకు అందించాడు.

"తల పగిలిపోతోంది. వార్తలేమున్నాయో చదువు, వింటాను."

ఆమె పైనుంచి చదువుకుంటూ వచ్చింది. వాన కబురు. కూరగాయల ధరలు. ఆ కిందిది చదివి కెవ్వుమంది.

"'చూపు మసకబారుతోందా? ఎదురొచ్చే బండ్ల లైట్లు చెదిరినట్టు కనిపిస్తున్నాయా? మా కంటి ఆసుపత్రికి రండి!' చూశావటే? నేను చెప్పలా? పొక్కింది! చందాల యాప్ కొంప ముంచింది!"

కూతురు పరుగెత్తుకొచ్చి ఫోన్ లాక్కుని చూసింది. ఆమెకు అర్థం కాలేదు. "నువ్వు రాసింది నీ ఫోన్‌లో కదమ్మా. ఇది నాన్న ఫోన్. దీంట్లోకెలా వస్తుంది?"

"ఒకే ఇల్లు కదే, రాదా? ఇక్కడిదాకా వచ్చింది డిపోదాకా పోదా? ముందు నా ఫోన్‌లోంచి ఆ యాప్ తీసిపారెయ్!" అని ఆమె భర్త వైపు తిరిగింది. "ఏమండీ, నా బుద్ధి గడ్డితిని మీ మీద ఒక అబద్ధం రాశాను. మీకు చూపు తగ్గిందని. రేపు డిపోలో ఎవరైనా అడిగితే, నా కళ్లు బాగానే ఉన్నాయని గట్టిగా చెప్పండి. చెబుతారుగా?"

అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"తిట్టండి, పడతాను. ఏదో ఒకటి అనండి."

ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. అతను లేచి కూర్చున్నాడు. కూతురి చేతిలో ఉన్న తన ఫోన్ తీసుకున్నాడు. దాన్ని దగ్గరకు తెచ్చుకున్నాడు, దూరం జరిపాడు, చివరికి మంచం మీద బోర్లించాడు. వీధిలో ఒక బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది. ఆ చప్పుడు సద్దుమణిగాక అన్నాడు.

"ఆ యాప్‌ను ఏమీ అనకు. ఈ ఫోన్‌లో కంటి ఆసుపత్రి కోసం వెతికింది నేనే."