హారతి వైన్స్

సాయంత్రమయ్యేసరికి అమ్మిరాజు వచ్చి హారతి వైన్స్ గుమ్మం ముందు కాండ్రించి ఉమ్మేవాడు. ఆ తరువాతే నోరు విప్పేవాడు.

నిడదవోలు రోడ్డులో కాలవ వంతెన దాటగానే ఉంటుందా కొట్టు. ముందు చీకుల బండి, పక్కన మురుగ్గుంట. ఆ గుంటలో పగిలిన సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు, ఎవడో కక్కిన కోడిగుడ్డు. ఈగలకి కూడా అసహ్యం వేసే చోటు. మనుషులకే వెయ్యదు.

"బోర్డు చూడండి. వైన్స్ అంట. లోపల ద్రాక్షరసం చుక్క ఉందేమో అడగండి. ఉన్నదంతా రంగు కలిపిన స్పిరిట్టే. పైగా ఆ పేరేంటి? ఈ హరిబాబు కన్నకూతురి పేరు. తాగుబోతు వెధవలందరి నోళ్ళలోనూ నానుతోంది ఆ పిల్ల పేరు. నాకూ ఉంది కూతురు, గీతిక. దాని పేరు నోటు పుస్తకం అట్ట మీద తప్ప ఇంకెక్కడా కనపడనివ్వను."

కౌంటర్లో హరిబాబు వినపడనట్టు సీసాలు సర్దుకునేవాడు.

అమ్మిరాజు చంకలో ఎప్పుడూ పేపరుండేది. దేశదేశాల వైన్ కబుర్లు ఏరి మరీ తాగేవాళ్ళకి చదివి వినిపించేవాడు.

"ఫ్రాన్సులో వైన్‌కి పరీక్ష పెట్టారంట. కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు గ్లాసులో ముక్కు పెట్టి వాసన చూస్తారంట. నోట్లో పోసుకుని పుక్కిలించి, పక్కనున్న బకెట్లో ఉమ్మేస్తారంట."

"ఉమ్మేస్తే మరి కిక్కెలా ఎక్కుద్దండి?" అన్నాడు రొయ్యల చెరువు కాపలా కాసే అబ్బులు.

"ఎక్కదు. అందుకే ఇంటికెళ్ళి పెళ్ళాల్ని తన్నరు."

"అయితే ఆ బకెట్టు ఇటు పంపించమనండి. మేం చూసుకుంటాం."

అందరూ నవ్వారు. అమ్మిరాజు నవ్వలేదు. పేజీ తిప్పాడు.

"ఇంకోటి వినండి. ఒకాయన వైన్ రుచి చూసి, తడిమట్టి వాసనా, పాత తోలు వాసనా వచ్చిందని రాశాడంట. దానికి ఆహా ఓహో అన్నారంట." అని ట్రాక్టర్ డ్రైవర్ చంద్రరావు వైపు తిరిగాడు. "నీ గ్లాసులో ఏం వాసనొస్తుందో నేను చెప్పనా? తాకట్టులో ఉన్న రత్తమ్మ పుస్తెల వాసన."

చంద్రరావు గ్లాసు దించాడు. అమ్మిరాజు అటు తిరగగానే మళ్ళీ ఎత్తాడు.

రత్తమ్మ అతని భార్య. చంద్రరావు కళ్ళు పసుపు పచ్చగా మారాయి. కాళ్ళు ఉబ్బాయి. ఇంకా తాగితే ఈ ఏడాది దాటడని కాకినాడ పెద్దాసుపత్రిలో చెప్పేశారు. ఆవిడ వచ్చి అమ్మిరాజు కాళ్ళ మీద పడింది.

"పక్కూరి దాకా నడిచే ఓపిక ఆయనకి లేదండి. ఈ కొట్టు లేకపోతే తాగరండి. దీన్ని మూయించెయ్యండి బాబుగారూ, మీకు పుణ్యముంటది."

"హరిబాబు చేత షట్టర్ దింపిస్తాను. మా గీతిక మీద ఒట్టు."

ఆ మర్నాటి నుంచి ఆడవాళ్ళంతా చీపుళ్ళు పట్టుకుని కొట్టు ముందు బైఠాయించారు. మధ్యలో కుర్చీ వేసుకుని అమ్మిరాజు. అత్తగారో, మేనత్తో ఎదురుగా కూర్చుని చూస్తుంటే ఎవడు మాత్రం లోపలికెళ్ళి సీసా అడుగుతాడు? తల వంచుకుని అటునుంచటే పోయేవారు. చీకుల బండివాడు కూడా చోటు మార్చేశాడు.

అప్పుడప్పుడూ అమ్మిరాజు కౌంటర్ వైపు కేకేసేవాడు.

"అమ్మకం ఎంత పడిపోయింది హరిబాబూ?"

"సగానికి పైగా పోయిందండి. మీ కడుపు నిండిందా?"

"ఇంకా పడాలి."

ఆడవాళ్ళు చప్పట్లు కొట్టేవారు.

ఎండాకాలం అయ్యేసరికి హరిబాబు చేతులెత్తేశాడు. "జూన్ నెలాఖరుతో లైసెన్సు అయిపోతుంది. ఈసారి వేలానికి నేను వెళ్ళను. ఈగలు తోలుకునే కొట్టుని ఏ వెర్రివాడు పాడతాడో పాడుకోమనండి."

వేలం రోజున అమ్మిరాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఏలూరు బస్సెక్కాడు. మీరెందుకండీ అంటే, "దగ్గరుండి చూసుకోవాలిగా" అన్నాడు.

తిరిగొచ్చేసరికి బస్టాపులో ఆడవాళ్ళంతా కాసుకుని ఉన్నారు.

"ఏమైందండీ?"

"పోటీకి ఒక్కడు కూడా రాలేదమ్మా," అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

కొబ్బరికాయలు కొట్టారు. రత్తమ్మ పళ్ళెంలో కర్పూరం వెలిగించి హారతిచ్చింది. ఏడుస్తూనే ఇచ్చింది. అమ్మిరాజు రెండు చేతులతో కళ్ళకద్దుకున్నాడు.

హరిబాబు నెలాఖరు దాకా కూడా ఆగలేదు. షట్టర్ దించి, బోర్డు పీకి బండిలో వేసుకుని పోయాడు. చంద్రరావు ఇంటి పట్టునే ఉండి మజ్జిగన్నం తిన్నాడు. కాళ్ళ వాపు తీసింది. కళ్ళలో తెలుపు కనిపించింది. ఓ పొద్దున ట్రాక్టర్ తుడుచుకుంటుంటే చూసి, రత్తమ్మ గుమ్మంలో నిలబడి చాలాసేపు అలా చూస్తూనే ఉండిపోయింది.

జూలై మొదటి తారీఖు పొద్దున్నే కాలవ అవతల టపాకాయలు పేలాయి.

రత్తమ్మ పరుగున వెళ్ళింది. వెనకాలే చంద్రరావు వచ్చాడు. షట్టర్ ఎత్తి ఉంది. మామిడాకుల తోరణం, పగిలిన గుమ్మడికాయ, లోపలికి దిగుతున్న సీసాల పెట్టెలు. పైన కొత్త బోర్డు, ఇంకా ఆరని ఎర్ర రంగు.

"అమ్మిరాజు గారికి కబురు పెట్టండర్రా," అని అరిచింది రత్తమ్మ.

"ఆయన ఇంట్లో లేరంట," అన్నారెవరో.

ఆవిడకి చదువు రాదు. మొగుడి చెయ్యి పట్టుకుని గుంజింది. "ఏమని రాసుందయ్యా? ఏ దరిద్రుడిదంట ఇది?"

చంద్రరావు పెదాలు తడుపుకుని, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ చదివాడు: "గీతిక వైన్స్."