మాధవీలత కంప్యూటర్లో తేదీ

నాంచారయ్య మచిలీపట్నంలో కంప్యూటర్లు బాగుచేస్తాడు. మాధవీలతను పెళ్లాడి మూడు నెలలైంది. ఆమె మొదటి భర్త గోపి వాడిన కంప్యూటర్ కూడా ఆమెతోపాటే ఈ ఇంటికి వచ్చింది. దాన్ని చూస్తేనే నాంచారయ్యకు ఒళ్లు మండేది.

ఆ రాత్రి అందులో బ్యాంకు సైటు తెరుచుకోలేదు. మెయిలూ తెరుచుకోలేదు. దేన్ని నొక్కినా 'సురక్షితం కాదు' అన్న హెచ్చరికే. కారణం అతనికి వెంటనే దొరికింది. కంప్యూటర్లో తేదీ మూడేళ్లు వెనక్కి ఉంది. తేదీ తప్పయితే బ్రౌజర్ ఏ సైటునూ నమ్మదు.

సరిచేశాడు. చూస్తుండగానే అంకెలు మళ్లీ ఆ పాత తేదీకే వెళ్లాయి. లోపల తేదీని నిలిపి ఉంచే బ్యాటరీ కొత్తది వేశాడు. అయినా అదే తేదీ, అదే సమయం.

"మాధవీ, మూడేళ్ల కిందట మే పద్నాలుగున ఏం జరిగింది?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఆయన పోయిన రోజండీ," అంటూ వచ్చిందామె.

"సాయంత్రం ఆరూ నలభైకా?"

"అవును. మీకెవరు చెప్పారు?"

అతను తెర చూపించాడు. ఆమె భయపడలేదు. నవ్వింది. అలాంటి నవ్వు ఈ మూడు నెలల్లో ఒక్కసారి కూడా తనవైపు రాలేదు. ఆ మంటలో నాంచారయ్య భయం కూడా మరిచిపోయాడు.

"రేపే దీన్ని అమ్మిపారేస్తాను," అన్నాడు.

ఆమె వినిపించుకోలేదు. రెండు కుర్చీలు తెచ్చి తెర ముందు పక్కపక్కనే వేసింది. ఒకదాంట్లో కూర్చుంది. నాంచారయ్య రెండోదాంట్లో కూర్చోబోయాడు.

ఆమె చెయ్యి అడ్డుపెట్టింది.

"అక్కడ కాదండీ," అంది మెల్లగా.