లిందానికి కిటికీ సీటు

"డర్బన్‌కి విమానంలో రెండు గంటలే కదా చిన్నాన్నా! మీరు పోండి. వీడి పని చూసి నేను బస్సులో వస్తా."

బెకీ ఆ మనిషిని కేప్‌టౌన్ టాక్సీ స్టాండు గోడకు అదిమి ఇటుక ఎత్తాడు. బెకీ వాళ్ళన్న లిందానిని పోయిన వారం అక్కడే పొడిచి చంపినవాడు వాడే. వాడి నోటి నిండా రక్తం.

"ఇటుక పారెయ్యరా!" అన్నాను.

"పోయింది నీ కొడుకైతే ఇలాగే అంటావా? నాన్నా, నువ్వు చెప్పు, కొట్టమను!"

మా అన్నయ్య పలకలేదు. మా ఆచారంలో, చనిపోయినవాడి ఆత్మను రేగుకొమ్మ మీద ఇంటికి తీసుకెళ్ళే మనిషి దారిలో ఆ ఆత్మతో తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదు.

ఆయన చేతిలోని కొమ్మను నేల మీది లిందాని నెత్తుటి మరకకు తాకించాడు.

"లే లిందానీ, ఇంటికి పోదాం. నీకు కిటికీ సీటు కొన్నాను. నీ పక్కన నేను, నా పక్కన నీ తమ్ముడు. రెండు గంటల్లో అమ్మ దగ్గరుంటాం. కానీ వాడు ఆ ఇటుక వదిలేలా లేడు. రేపు వాడు జైల్లో చస్తే నేను ఇంకో కొమ్మ పట్టుకొని రావాలి. ఆ రెండు గంటలూ నేను బతకలేను నాయనా. నువ్వైనా చెప్పు."

అన్నయ్య నియమం తప్పాడో లేదో దేవుడికే తెలియాలి.

ఇటుక కింద పడింది. ఆ మనిషి పాక్కుంటూ పోయాడు. బెకీ నెత్తుటి చేతులు చొక్కాకు తుడుచుకుంటూ తండ్రి వెనక నడిచాడు.

అన్నయ్య వెనక్కి చూడలేదు. కొమ్మతో మెల్లగా అన్నాడు.

"నెమ్మదిగా నడువు లిందానీ. తమ్ముడు వస్తున్నాడు."