పొట్ట మీద పిల్లి

“కమిటీ వెళ్లేదాకా నువ్వు ఈ గది ఛాయలకి రావద్దు,” అన్నాడు ఊపిరితిత్తుల సారు, ఆయాతో.

ఆయా చేతిలోని పిల్లిబొమ్మని, గుడ్డతో కుట్టినదాన్ని, కిందికి దించింది. “మరి పాప భయపడితే, అయ్యగారూ?”

“భయపడనీ. ఏడవనీ, దొర్లనీ. పిల్లలు ఎంత కదిలినా స్కాన్‌లో బొమ్మ చెదరకుండా తియ్యడమే నా పద్ధతి. నువ్వు పక్కన నిలబడి జోకొడుతుంటే, గొప్ప నా పద్ధతిదా, నీ గుడ్డపిల్లిదా అని అడగరూ?”

ఆయన అసలు పేరు తలుపు మీది రేకుకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. ఊపిరితిత్తుల నిండా గాలే కాబట్టి ఎమ్మారైలో అవి నల్లగా, ఖాళీగా కనిపిస్తాయని, పైగా పసిపిల్లలు ఊపిరి బిగపట్టి పడుకోరని అందరూ వదిలేసిన పనిని ఆయన పద్దెనిమిదేళ్ల కిందట నెత్తికెత్తుకున్నాడు. ఇవాళ కమిటీ సరేనంటే ఆ పద్ధతి ఆయన పేరుతోనే నలభై ఆసుపత్రులకి వెళ్తుంది. కాదంటే గది ఖాళీ చెయ్యాలి.

ఆయా వెళ్లాక ఆయన బట్టతల టెక్నీషియన్ వైపు తిరిగాడు. మిషన్ కంప్యూటర్ తెర మీద ఓ మూలన పద్ధతిని నడిపే బటన్ ఉంది. దాని పక్కనే సారు స్వహస్తాలతో రాసి అంటించిన కాగితం: ‘నేను తప్ప ఎవరూ ముట్టరాదు.’

“ఆ బటన్ ఎవరూ ముట్టుకోలేదుగా?”

“లేదు సార్. మీరు కాగితం అంటించిన దగ్గర్నుంచి ఒక్కరూ ముట్టుకోలేదు. కాకపోతే...”

“కాకపోతేలు వద్దు. మిషన్ నడపడం నీ పని. ఆలోచించడం నాకు వదిలెయ్.”

టెక్నీషియన్ వదిలేశాడు.

కమిటీ అంటే ముగ్గురు. వాళ్లకి పెద్ద ఓ పిల్లల డాక్టరమ్మ. ఆవిడ ఎక్కువ మాట్లాడే రకం కాదు. ఆ లోటు సారే తీర్చాడు.

“రెండేళ్ల కిందట మిషన్‌కి కొత్త సాఫ్ట్‌వేర్ వేశాక నా పద్ధతి పదునెక్కింది మేడమ్. అంతకుముందు వందలో డెబ్భై బొమ్మలు పనికొచ్చేవి. ఇప్పుడు తొంభై అయిదు. దాని మీదే ఏడు పేపర్లు రాశాను.”

“అంత తేడా ఎలా వచ్చింది?”

“లోతైన గణితం మేడమ్. చెప్పాలంటే ఒక రోజు పడుతుంది.”

ఆయాని వార్డు నుంచి ఈ గదికి మార్చింది కూడా సరిగ్గా ఆ సాఫ్ట్‌వేర్ వేసిన నెలలోనే. అంత లోతైన గణితంలో ఆ సంగతికి చోటు దొరకలేదు.

అయిదేళ్ల పాపని తల్లి తీసుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టింది. ఆరు నెలలుగా దగ్గు. ఊపిరితిత్తిలో మచ్చ తగ్గుతోందో లేదో తెలియాలి. ఇప్పటికే మూడుసార్లు సీటీ స్కాన్ తీశారు, ఇక ఆ కిరణాలు వద్దని తల్లి ఇక్కడికి వచ్చింది. సారు చెయ్యి ఊపాడు. మిషన్ టకటకమంది. పాప కాళ్లు తన్నుకుంటూ కెవ్వుమంది.

తెర మీద మసక తప్ప ఏమీ లేదు.

“ఇది ఊపిరితిత్తేనా?” అంది డాక్టరమ్మ.

“పిల్ల మరీ మొండిగా ఉంటే ఒక్కోసారి...”

“మీ పద్ధతి మొండిపిల్లల కోసమే కదా.”

రెండోసారి తీస్తే మొదటిదే నయమనిపించింది. తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది. “వదిలెయ్యండి సార్. దాన్ని ఏడిపించకండి. సీటీయే తీయించుకుంటాం.”

సారు నుదురు తుడుచుకుని స్వయంగా వరండాలోకి నడిచాడు. ఇందాక ‘రావద్దు’ అన్న నోరే, “అమ్మా, ఒక్కసారి లోపలికి వస్తారా?” అంది.

ఆయా లేచి వచ్చింది. లోహమేదీ ఆ గదిలోకి పోకూడదు గనక గాజులు, పిన్నీసులు తీసి పళ్లెంలో పెట్టింది. గుడ్డపిల్లిని తెచ్చి పాప పొట్ట మీద పడుకోబెట్టింది.

“పొద్దుటి నుంచీ తిరిగి తిరిగి ఇది ఇప్పుడే కునుకు తీసింది, అమ్మలూ. నువ్వు గబగబా ఊపిరి తీస్తే దొర్లి పడిపోతుంది. మెల్లగా ఊపుతావా?”

“పడితే ఏడుస్తుందా?”

“ఏడవదూ మరి? అచ్చం నీలాగే.”

పాప పిల్లిని ఊపింది. ఎంత మెల్లగా ఊపిందంటే, అద్దం బయట నిలబడ్డ పెద్దవాళ్లు కూడా తెలియకుండా అలాగే ఊపిరి తీశారు. తెర మీద ఊపిరితిత్తి కొమ్మలూ రెమ్మలతో సహా తేటగా కనిపించింది.

“మచ్చ సగానికి సగం తగ్గిందమ్మా. మందు పనిచేస్తోంది,” అంది డాక్టరమ్మ. తల్లి గోడకి చేరగిలబడి కళ్లు తుడుచుకుంది.

సారుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ప్రాణంతోపాటు గొంతు కూడా. “చూశారా మేడమ్, నా పద్ధతి?”

“చూశాను. పాప ఎలాగూ కదలకుండా పడుకుంది. ఇప్పుడు మీ పద్ధతి ఆపేసి ఇంకొక్క బొమ్మ తియ్యండి. తేడా కనిపిస్తే ఇక్కడే సంతకం పెట్టేస్తాను.”

నలభై ఆసుపత్రుల్లో తన పేరు అప్పుడే వేలాడుతున్నట్టు నవ్వాడు సారు. “ఆ బటన్ ఆపవయ్యా. నేనే చెప్తున్నాగా, ముట్టుకో.”

టెక్నీషియన్ వేలు బటన్ దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది.

“ఆపడానికేం లేదు సార్,” అన్నాడు.

“ఏం, ఎందుకు లేదు?”

“కొత్త సాఫ్ట్‌వేర్ వేసిన రోజే అది ఆగిపోయింది. మీరు ముట్టుకోవద్దన్నారుగా, ఈ రెండేళ్లూ ఎవరం ఆన్ చెయ్యలేదు.”