రాళ్లగుట్ట మీద బేరం

"ముందు గుట్ట ఎక్కించి చూపించండి. కొంటానో లేదో ఆ తర్వాత చెప్తాను" అన్నాడు పళ్ల డాక్టరు, జీపు ముందు సీట్లో కూర్చుని బెల్టు బిగించుకుంటూ.

జీపు అమ్మజూపుతున్న భర్తకు నడుం నొప్పి పట్టుకుంది. చిత్రమేమిటంటే, గుట్ట కనబడేదాకా ఆ నొప్పి లేదు. "మా ఆవిడ ఎక్కిస్తుందండీ. నేను ముందు నడుస్తూ దారి చూపిస్తాను" అన్నాడు.

ఆవిడ స్టీరింగు ముందు కూర్చుంది. ఈ జీపు అమ్మేసి మెత్తటి సీట్ల కారు కొనాలని ఆయన పట్టుదల. అమ్మనివ్వకూడదని ఆవిడ పట్టుదల. ఆ ఇంటిల్లిపాదిలో ఆవిడ చెప్పినట్టు వినేది జీపొక్కటే మరి. ఎక్కలేక ఆగిపోయినట్టు నటిస్తే బేరం అక్కడే చెడుతుంది. కానీ జీపుకి అంత తలవంపులు తేవడానికి మనసొప్పలేదు. ఎక్కాలి. ఎక్కేసరికి ఏ మనిషీ కొననట్టు తయారవ్వాలి. సొట్టలు తర్వాత తీయించుకోవచ్చు, అమ్మేసిన జీపుని ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటుంది?

మొదటి బండ గేదె వీపులా ఉంది. భర్త దాని మీద వెనక్కి నడుస్తూ చేతులు ఊపాడు. "ఎడమకి! ఎడమకి తిప్పు!"

"మీ ఎడమా, నా ఎడమా?"

"నా... నీ... అబ్బా, ఇదిగో ఈ చెయ్యి వైపు!"

ఆయన రెండు చేతులూ గాల్లోనే ఉన్నాయి. ఆవిడ తనకి పనికొచ్చే చెయ్యి ఎంచుకుంది. డాక్టరు వైపు ఫుట్‌బోర్డు కరకరమంటూ బండకి ఒరుసుకుని కాగితంలా నలిగిపోయింది.

"అయ్యయ్యో!" అంది ఆవిడ, ఎంతో నొచ్చుకుంటూ. జీపు మాత్రం ఆపలేదు.

"ఏం కాలేదు డాక్టరు గారూ!" అని బయటినుంచి భర్త కేకేశాడు. "అది అందానికి పెట్టిందే! లేకపోయినా నడుస్తుంది!"

డాక్టరు వేలితో డాష్‌బోర్డు మీద టక్‌టక్‌మని కొట్టి, కదులుతున్న పన్నుని చూసినట్టు చూశాడంతే.

కాస్త పైన రెండు రాళ్ల మధ్య ఇరుకు సందు. జీపు హాయిగా పట్టే సందే. ఆవిడ వెంట్రుకవాసి పక్కకి పోనిచ్చింది. అద్దం టప్పున ఎగిరిపోయింది. తలుపు లోపలికి నొక్కుకుపోయింది.

"మీ వైపు తలుపు ఇంక తెరుచుకోదేమోనండీ" అంది విచారంగా.

"కిటికీ ఉందిగా" అన్నాడు డాక్టరు, నుదుటి చెమట తుడుచుకుంటూ. ఆ చెమట చూసి ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ఇంకొక్క దెబ్బ. బంపరు వంగితే చాలు, ఈయన కాలినడకన దిగిపోతాడు.

ఆ ఒక్క దెబ్బకే అనుకున్నది తప్పింది. మెట్టులాంటి బండ మీదకి ముందు చక్రం ఎక్కుతుండగా వెనక చక్రం కిందున్న రాయి దొర్లిపోయింది. జీపు పక్కకి ఒరిగింది. ముందు చక్రం ఒకటి గాల్లో తిరుగుతోంది. డాక్టరు కిటికీలో గుట్ట అడుగు నిలువునా కనబడింది.

"దూకెయ్యండి! ఇద్దరూ దూకెయ్యండి!" భర్త నడుం నొప్పి మర్చిపోయి గెంతుతున్నాడు.

డాక్టరు నోరు తెరుచుకుని ఉండిపోయాడు, తన దగ్గరకొచ్చే రోగుల్లాగే.

"నోరు మూసుకోండి డాక్టరు గారూ, నాలుక కరుచుకుంటారు" అంది ఆవిడ.

బేరం సంగతి మర్చిపోయింది. బ్రేకు మీద కాలు అదిమి పట్టింది. జీపు అంగుళం అంగుళం జారుతోంది. "ఏం కాదమ్మా, నేనున్నాగా" అంది. జీపుతోనే అంది. డాక్టరు తనతోననుకుని బుద్ధిగా తలూపాడు.

పళ్లు బిగించి, పడిపోయే వైపుకే స్టీరింగు తిప్పింది. బయటినుంచి భర్త అరుపు. గాల్లో ఉన్న చక్రం దబ్బున దిగి బండని పట్టుకుంది. మళ్లీ పైకి తిప్పి, తొక్కీ తొక్కనట్టు యాక్సిలరేటరు తొక్కింది. అడుగున ఏదో ఫెళ్లుమని విరిగి దొర్లుకుంటూ కిందికి పోయింది. జీపు ఊరంతా వినబడేలా గాండ్రిస్తూ మెట్టు దాటి, గుట్ట నెత్తి మీద నిలబడింది.

ఇంజను ఆపాక చూస్తే సైలెన్సరు లేదు. బంపరు ఒక పక్కనుంచి వేలాడుతోంది. లైట్లలో ఒకటి కన్ను గీటినట్టు మూసుకుపోయింది. ఆవిడ స్టీరింగుని నిమిరింది.

డాక్టరు కిటికీలోంచి పాక్కుంటూ దిగాడు. జీపు చుట్టూ తిరిగాడు. ప్రతి సొట్టలోనూ వేలు పెట్టి తడిమాడు. మోకాళ్ల మీద కూర్చుని అడుగుకి తొంగి చూశాడు.

ఈలోగా భర్త రొప్పుతూ పైకొచ్చి, జీపు వాలకం చూసి నెత్తిన చేతులు పెట్టుకుని చతికిలబడ్డాడు. "అయిపోయింది. దీన్నింకెవడు కొంటాడే? పాతసామాన్లవాడు కూడా మొహం తిప్పుకుంటాడు!"

"పోనీలెండి, ఏం చేస్తాం" అంది ఆవిడ, నవ్వు కనబడకుండా కొంగుతో మొహం తుడుచుకుంటూ. "దీంతోనే సర్దుకుపోదాం."

డాక్టరు లేచి ప్యాంటుకంటిన దుమ్ము దులుపుకున్నాడు.

"కింద చూసినప్పుడు ఒంటిమీద ఒక్క గీత కూడా లేకపోయేసరికి, ఇది వట్టి షికారు బండి, ఎలాగూ ఎక్కదు, ఆ వంక చెప్పి వెళ్లిపోవచ్చని గుట్ట ఎక్కించమన్నానండీ" అన్నాడు చెయ్యి చాపుతూ. "ఇన్ని దెబ్బలు తిని ఒక్కచోటైనా ఆగకుండా వచ్చిందంటే ఇంక వదులుతానా, తాళాలు ఇలా ఇవ్వండమ్మా!"